ట్రే మేడమ్ ముందుచూపు

పదకొండేళ్ళుగా ఇళ్ళు అమ్ముతోంది ఆవిడ. ఏ వీధిలో ఏ ఇంటి వెనక గోడకు చెమ్మ ఎక్కుతుందో, ఏ అపార్ట్‌మెంటులో నాలుగో అంతస్తుకు నీళ్ళు సరిగ్గా రావో, ఇల్లు చూడ్డానికొచ్చి మెట్ల మీదే పోట్లాడుకున్న మొగుడూపెళ్ళాల్లో ఎవరు మర్నాడు మళ్ళీ ఫోన్ చేస్తారో ఆవిడకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఇంత తెలిసిన మనిషిని ఆ చుట్టుపక్కల ఏమని పిలుస్తారో తెలుసా? ట్రే మేడమ్. ఆ పేరు వింటే ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కేది. ఎక్కదా మరి!

ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పాలి. ఆవిడ పనిచేసే ఏజెన్సీ నెలకోసారి ఒక కాగితం అచ్చువేసి ఇంటింటికీ పంచుతుంది. ముందు వైపు ‘ఇళ్ళ మార్కెట్ ముందుచూపు’. వెనక వైపు ‘ఒక్క ట్రే వంట’. రెండూ రాసేది ఆవిడే. ముందు వైపు కోసం నెలలో ఇరవై రోజులు కాళ్ళరిగేలా తిరిగేది. ఏ వీధిలో ఎన్ని ఇళ్ళు అమ్ముడయ్యాయి, ఎన్ని బోర్డు కట్టుకుని ఖాళీగా పడున్నాయి, బ్యాంకులు వడ్డీ ఎంత పెంచాయి, అన్నీ కూడబెట్టుకొచ్చేది. వెనక వైపు మాత్రం పావుగంటలో గిలికి పడేసేది. ఉడికించిన మాకరోనీ, నిన్న మిగిలిన కాలీఫ్లవర్, నాలుగు బంగాళదుంప చక్రాలు, పైన చీజు తురుము, బ్రెడ్డు పొడి; ఒవెన్‌లో నలభై నిమిషాలు పెడితే మీరు బట్టలు మార్చుకుని కాళ్ళు చాపుకునేలోపు ఇంటిల్లిపాదికీ భోజనం సిద్ధం. అంతే. జనం ఏం చేసేవారు? ఆ కాగితాన్ని వంట బయటికి కనపడేలా ఫ్రిజ్ తలుపుకు అతికించేవారు. ఆవిడ నెల కష్టమంతా ఫ్రిజ్ రేకు వైపు మొహం పెట్టుకుని ఉండేది. బజార్లో ఎదురైన వాళ్ళు, మేడమ్ పోయిన నెల ట్రేలో పాలు ఎక్కువైనట్టున్నాయి అనేవారే గానీ, మీరు చెప్పిన వడ్డీ సంగతి ఆలోచించాం అన్న పుణ్యాత్ముడు ఒక్కడంటే ఒక్కడు లేడు.

పోనీ ముందు వైపయినా ఆవిడ రాసింది రాసినట్టు పడేదా అంటే అదీ లేదు. ధరలు మరీ ఎక్కి ఉన్నాయి, ఏడాది ఆగితే దిగుతాయి అని ఆవిడ రాస్తే, మేనేజరు ఎర్ర పెన్నుతో కొట్టేసి, ఇదే మంచి తరుణం అని దిద్దేవాడు. ఇళ్ళు అమ్ముకునే చోట ఆగమని రాస్తే మనం ఏం తినాలి మేడమ్ అనేవాడు. అడుగున ప్రతి నెలా ఆయన సొంత వాక్యం ఒకటి ఉండాల్సిందే: ‘ఎదురుచూసేవాళ్ళు అద్దె ఇంట్లోనే ముసలివాళ్ళవుతారు.’ దాని కింద ఆవిడ ఫోటో. ఈ మాట నాది కాదు, నా ఫోటో తీసేయండి అని ఆవిడ ఒకసారి పోట్లాటకే దిగింది. ఆయన తాపీగా, ఎందుకంత బాధ, ముందు వైపు ఎవరు చదువుతారు గనక అన్నాడు. కోపం తెప్పించినా బాగుండేది, ఆ మాట నిజం కావడం వల్ల ఏడుపొచ్చింది.

అందుకని ఆవిడ తన అసలు ముందుచూపు ఒక నీలం నోటుబుక్కులో రాసుకునేది. వచ్చే ఏడాది ధరలు తగ్గుతాయి. కింద కారణాలు, పట్టికలు, బాణం గుర్తులు. తొమ్మిదేళ్ళుగా అదే రాస్తోంది. తొమ్మిదేళ్ళుగా ధరలు పెరుగుతూనే ఉన్నాయి. ఏమీ తెలియని మేనేజరు ప్రతి ఏడూ ఒప్పవుతున్నాడు, అన్నీ తెలిసిన ఈవిడ ప్రతి ఏడూ తప్పవుతోంది. ఇంతకంటే అన్యాయం ఎక్కడైనా ఉందా? సరే, ఒప్పూ తప్పూ కాగితాల మీద ఉంటే ఎవరికి నష్టం. ఆవిడ ఆ నోటుబుక్కును నమ్మి సొంతానికి ఇల్లు కొనలేదు. అందరికీ ఇళ్ళు చూపించే మనిషి అద్దె ఇంట్లో ఉంటోంది.

ఆ ఇల్లు ఒక పళ్ళ డాక్టరుది. రెండు గదులు, ఒక హాలు, పొడుగ్గా ఇరుకుగా ఉండే వంటిల్లు. వంటింటి కిటికీలోంచి సాయంత్రపు ఎండ సరిగ్గా గట్టు మీద పడుతుంది. కూతురు పుట్టిన ఏడాది చేరారు, దానికిప్పుడు పదిహేనేళ్ళు. నాలుగేళ్ళ కిందట ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నోటుబుక్కు చెప్పినట్టే ధరలు కొన్నాళ్ళు దిగాయి. డాక్టరుగారే ఫోన్ చేసి, అమ్మేద్దామనుకుంటున్నానమ్మా, మీరే తీసుకోకూడదూ అన్నాడు. ఆవిడ నోటుబుక్కు తీసి చూసుకుంది. తగ్గడం ఇప్పుడే మొదలైంది, ఇంకా తగ్గుతుంది అని తేల్చుకుంది. వచ్చే ఏడాది చూద్దాం డాక్టరుగారూ అంది. మూడు నెలలు తిరక్కుండా ధరలు లేచి కూర్చున్నాయి, డాక్టరుగారూ మనసు మార్చుకున్నాడు. ఆవిడ మొగుడు బస్సు డ్రైవరు. మనిషి పెద్దగా మాట్లాడడు. ఆరోజు మాత్రం అన్నాడు, మా బస్టాపుల్లోనూ ఉంటారు నీలాంటివాళ్ళు, వెనక బస్సు ఖాళీగా వస్తుందని ముందు బస్సు వదిలేస్తారు, ఆ వెనక బస్సు దార్లో ఆగిపోతుంది అని. ఆవిడ వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఇంకొక సంగతి చెబితే గానీ ఈ కథ నడవదు. ఆ వృత్తిలో ఒక కిటుకు ఉంది. ఇల్లు చూడ్డానికి జనం వచ్చే ముప్పావుగంట ముందు ఆ ఇంటి ఒవెన్‌లోనే ఏదో ఒకటి పెట్టాలి. తలుపు తీయగానే వేడి చీజు, వేగిన ఉల్లిపాయ వాసన ముక్కుకు తగిలితే, వచ్చినవాళ్ళు గోడ పగుళ్ళు చూడరు. ఆ బల్ల దగ్గర తమ పిల్లలు కూర్చుని తింటున్నట్టు ఊహించుకుంటారు. సున్నం వాసన కొట్టే ఖాళీ ఇల్లు వారాల తరబడి పడి ఉంటుంది, వంట వాసన కొట్టే ఇల్లు పోతుంది. ఆవిడ ఒక్క ట్రే వంటలన్నీ ఇలా పుట్టినవే. పని అయ్యాక ఆ ట్రేని గుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చేది. వారంలో నాలుగు రోజులు వాళ్ళ రాత్రి భోజనం అదే. సొంత ఒవెన్‌తో పనే లేకపోయింది, అందులో మూకుళ్ళూ పాత మూతలూ దాచుకునేవారు. ట్రే బల్ల మీదకు రాగానే మొగుడు, “ఇవాళ్టిది ఎవరింటిది?” అనేవాడు. వకీలుగారిది, మూలమలుపు మేడది, కవలపిల్లల వాళ్ళది అని ఆవిడ చెప్పేది. అదొక ఆట వాళ్ళింట్లో.

అలాంటి రోజుల్లో ఒక సోమవారం డాక్టరుగారు ఏజెన్సీకే వచ్చాడు. నొప్పి తెలియకుండా పీకడం ఆయన వృత్తి కదా, అంత మెత్తగానూ చెప్పాడు. క్లినిక్ మూసేశాడు, చెల్లెలి ఊరికి వెళ్ళిపోతున్నాడు, ఇల్లు అమ్మేస్తాడు. ధర చెప్పాడు. అది న్యాయమైన ధరే, కాస్త తక్కువే కూడా. శనివారం లోపు మీరు సరేనంటే మీకే, కాదంటే ఆదివారం నలుగురికీ చూపించండి, ఆ పని కూడా మీ చేతుల మీదుగానే కానివ్వండి, మిమ్మల్ని కాదని ఇంకొకరికి ఇవ్వడం నాకు బాగుండదు అన్నాడు.

మొగుడు వినగానే, సరే అనేసెయ్, ఈసారి నోటుబుక్కు తీయకు అన్నాడు. బ్యాంకు లోను ఇస్తానంది. నెల నెలా కట్టేది ఇప్పటి అద్దె కంటే కొంచెమే ఎక్కువ. అడ్డమేమీ లేదు. మంగళవారం గడిచింది, బుధవారం గడిచింది. గురువారం ఆఫీసులో భోజనాల వేళ ఆవిడ నోటుబుక్కు తీసింది. ఖాళీ ఇళ్ళు పోయినేడు కంటే పెరిగాయి. వడ్డీలు పెరిగాయి. అమ్మకాలు మూడు నెలలుగా చచ్చుబడి ఉన్నాయి. ఈసారి ఖాయంగా తగ్గాలి. తగ్గకపోతే ఇక లోకంలో న్యాయం లేనట్టే. శనివారం ఫోన్ చేసి, పదో వంతు తగ్గించండి డాక్టరుగారూ, మార్కెట్ బాగాలేదు అంది. ఆయన నొచ్చుకోలేదు. సరేనమ్మా, అయితే రేపు చూద్దాం, మార్కెట్టే చెబుతుంది కదా అని పెట్టేశాడు.

మొగుడితో మాత్రం, ఆదివారం ఊరికే లాంఛనంగా చూపిస్తున్నాను, ఎవరూ రారు, సోమవారానికి ఆయనే దిగొస్తాడు, ఇల్లు మనదే అని చెప్పింది. ఆయన ఆవిడ మొహంలోకి కాసేపు చూసి, నీ ఇష్టం అన్నాడు. ఆదివారం ఆయనకు డ్యూటీ ఉంది.

ఎవరూ ఇష్టపడకుండా చేయడం ఆవిడకు చిటికెలో పని. ఇంటిని ముద్దొచ్చేలా చేయడం తెలిసినవాళ్ళకు రోత పుట్టించడం తెలియదా? ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక పడగ్గది బీరువాను పక్కకు లాగింది. పదిహేనేళ్ళుగా దాని వెనక దాక్కున్న చెమ్మ మరక, అరచేతంత మొదలై తలుపంత అయిన మరక, బయటపడింది. కర్టెన్లు మూసేసింది. బాత్రూములో కారే కుళాయిని కావాలని ఇంకాస్త వదులు చేసింది. బల్ల మీద ఎంగిలి పళ్ళేలు అలాగే ఉంచింది. ఒవెన్ జోలికి పోలేదు. చేస్తుంటే సిగ్గేసింది. పదకొండేళ్ళలో ఏ ఇంటికీ చేయని ద్రోహం సొంత ఇంటికి చేస్తోంది. అయినా ఆగలేదు. తర్వాత, ‘ఇల్లు చూడవచ్చు’ అన్న బాణం బోర్డు చంకన పెట్టుకుని సందు మొదటికి వెళ్ళింది. ఎవరికీ సరిగ్గా కనపడకుండా, ఆగి ఉన్న వ్యాను వెనకాల పాతింది. వెంటనే వెనక్కి రాబుద్ధి కాక, పక్క వీధిలో బెంచీ మీద కూర్చుని ముప్పావుగంట గడిపింది.

తిరిగొచ్చేసరికి గేటు దగ్గరే వాసన తగిలింది.

వేడి చీజు. వేగిన ఉల్లిపాయ. ఆవిడకు ఒక్కక్షణం ఇది ఏ క్లయింటు ఇల్లో అర్థం కాలేదు. పరుగున లోపలికి వెళ్ళింది. కర్టెన్లన్నీ తీసి ఉన్నాయి. వంటింటి గట్టు మీద ఎండ పడుతోంది. పళ్ళేలు కడిగి బోర్లించి ఉన్నాయి. ఒవెన్‌లోని మూకుళ్ళన్నీ నేల మీద వరసగా పేర్చి, కూతురు గాజు తలుపులోంచి లోపలికి తొంగి చూస్తోంది.

“ఎవరు పెట్టమన్నారే నిన్ను?” అంది ఆవిడ. గొంతు కీచుగా వచ్చింది.

“నువ్వు మర్చిపోయావు కదమ్మా,” అంది కూతురు. “మనిల్లు కదా, నీకు చేతులు రాలేదేమో అనుకున్నా. డాక్టర్ తాతగారు నీమీద నమ్మకంతో ఈ పని ఇచ్చారు. రేపు ఎవరైనా, ట్రే మేడమ్ కావాలనే చెడగొట్టింది అంటే నీకెంత బాధ.”

పిల్లను కొట్టాలో కావలించుకోవాలో తెలియక ఆవిడ కుర్చీలో కూలబడింది. అప్పుడే గేటు చప్పుడైంది.

మొదట వచ్చినాయన గోడలు వేళ్ళతో కొట్టి చూసే రకం. పడగ్గదిలో మరక చూడగానే ముక్కు చిట్లించి, మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. ఆవిడ ప్రాణం లేచొచ్చింది. తర్వాత అరగంట ఎవరూ రాలేదు. ఇంకో పది నిమిషాలైతే టైము అయిపోతుందనగా ఒక జంట వచ్చింది. ఆ అమ్మాయి ఆసుపత్రిలో నర్సు, కుర్రాడిది చెప్పుల షాపులో ఉద్యోగం. బోర్డు కనపడక సందంతా రెండుసార్లు తిరిగారట. ఇక వెళ్ళిపోదామనుకుంటుంటే వాసన తగిలిందట, ఇది ట్రే మేడమ్ పనే అయ్యుంటుందని ఆ నర్సు గుర్తుపట్టిందట. వాళ్ళ స్టాఫ్ రూములో ఆవిడ వంటలన్నీ అతికించుకుని ఉన్నారు.

వాళ్ళు వంటింట్లో కాలుపెట్టి, ఎండ పడుతున్న గట్టు దగ్గర నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పదకొండేళ్ళ అనుభవం ఆవిడకు ఆ చూపు అర్థం చెప్పింది. ఇక ఊరుకుంటే లాభం లేదని, నిజం చెప్పేయడానికి సిద్ధపడింది. చెయ్యిపట్టి లాక్కెళ్ళినట్టు పడగ్గదికి తీసుకెళ్ళి మరక చూపించింది. కుళాయి చూపించింది. అక్కడితో ఆగక, ధరలు తగ్గబోతున్నాయి, మీరు కుర్రవాళ్ళు, ఏడాది ఆగండి, నా మాట వినండి అంది. తొమ్మిదేళ్ళుగా నోటుబుక్కులో మగ్గిన ముందుచూపు మొదటిసారి కొనేవాళ్ళ ముందు పైకి చెప్పింది. ఆశ్చర్యమేమిటంటే, వాళ్ళు శ్రద్ధగా విన్నారు.

“పద్నాలుగు ఇళ్ళు చూశామండీ,” అంది నర్సు. “ఇక్కడ చెమ్మ ఉంది అని ఒక్కళ్ళు చెప్పలేదు. అమ్మేవాళ్ళే లోపాలు చూపిస్తుంటే ఇంక భయమేముంది.”

కుర్రాడు జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీశాడు. “మా ఆవిడ వెనక వైపు చదువుతుంది, నేను ముందు వైపు చదువుతానండీ. ప్రతి నెలా. ఆగుదామా వద్దా అని ఏడాది కొట్టుకున్నాం. చివరికి ఈ మాటే మమ్మల్ని కదిలించింది,” అని వేలు పెట్టి చూపించాడు. ఎదురుచూసేవాళ్ళు అద్దె ఇంట్లోనే ముసలివాళ్ళవుతారు. వేలి కింద ఆవిడ ఫోటో నవ్వుతోంది.

ఇన్నేళ్ళకు ముందు వైపు చదివినవాడు ఒకడు దొరికాడు. దొరక్కపోయినా బాగుండేదని ఆవిడ ఏడవలేక నవ్వింది. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి తానే కుడితిలో పడిందంటే ఇదే. డాక్టరుగారు అడిగిన ధర అడిగినట్టు ఇస్తామన్నారు వాళ్ళు, బేరం కూడా ఆడలేదు. కూతురు ఒవెన్‌లోంచి ట్రే తీసి, వాళ్ళకు రెండు చిన్న గిన్నెల్లో పెట్టి ఇచ్చింది. ఆవిడ ఫోను పట్టుకుని పెరటి గుమ్మం దగ్గరికి వెళ్ళింది.

డాక్టరుగారు అంతా విన్నాడు.

“నన్నడిగితే ఇప్పటికీ మీకే ఇస్తానమ్మా,” అన్నాడు. “వాళ్ళింకా కాగితం మీద సంతకం పెట్టలేదు కదా. అదే ధర. ఊఁ అనండి చాలు.”

ఆవిడ వంటింట్లోకి చూసింది. నర్సు చెంచాతో తింటూ ఏదో అడుగుతోంది, కూతురు తలూపుతూ చెబుతోంది. ఊఁ అనాలి. ఒక్క అక్షరం. అద్దె కంటే కొంచెమే ఎక్కువ. పిల్ల ఎదిగిన ఇల్లు. నోరు తెరిచింది కూడా. కానీ ఖాళీ ఇళ్ళు పెరిగాయి కదా, వడ్డీలు పెరిగాయి కదా, ఇవాళ కొని రేపు తగ్గితే ఎంత ఏడుపు, ఇన్నేళ్ళు ఆగింది ఇందుకా అని బుర్ర తన పని తాను చేసుకుపోయింది.

“ఒక్కరోజు టైమివ్వండి డాక్టరుగారూ,” అంది.

అన్న క్షణానే నాలుక కొరుక్కుంది. అవతల ఆయన నిట్టూర్చడం వినిపించింది.

“నాలుగేళ్ళు ఇచ్చానమ్మా,” అన్నాడు మెత్తగా. “వాళ్ళకే ఇచ్చేయండి.”

కాదు, తీసుకుంటాను అని ఆవిడ అనేలోపు ఫోను పెట్టేశాడు. వెంటనే మళ్ళీ చేసి ఉండొచ్చు. చేయలేదు. లోపలికి వెళ్ళి, డ్రాయర్లోంచి కాగితాలు తీసి, కుర్రవాళ్ళిద్దరి చేతా సంతకాలు పెట్టించింది. పెన్ను కూడా తనదే. నర్సు వెళ్ళేటప్పుడు ఆవిడ రెండు చేతులూ పట్టుకుని, మీ వల్లే మేడమ్ అంది. ఆవిడ గేటు దాకా వెళ్ళి సాగనంపింది. వ్యాను వెనక నుంచి బోర్డు పీక్కుని వచ్చింది.

ఏడింటికి మొగుడు డ్యూటీ దిగి వచ్చాడు. గుమ్మంలోనే వాసన పీల్చి, మొహం విప్పారి, చొక్కా కూడా మార్చకుండా బల్ల దగ్గర కూర్చున్నాడు. ట్రేలో పావు వంతు మిగిలి ఉంది. అది బయటి నుంచి గుడ్డలో చుట్టి తెచ్చింది కాదని, సొంత ఒవెన్‌లో చేసిందని, నేల మీద పేర్చి ఉన్న మూకుళ్ళు చూడగానే ఆయనకు తెలిసిపోయింది. పదకొండేళ్ళలో మొదటిసారి జవాబు తెలిసే అడిగాడు, ఆ జవాబు ఆవిడ నోటి నుంచి వినాలని అడిగాడు.

“ఇవాళ్టిది ఎవరింటిది?”

కూతురు తల వంచుకుంది. ఆవిడ పళ్ళెం ఆయన ముందు పెట్టి, గరిటె తీసుకుంది.

“నర్సమ్మదండీ,” అంది. “పెట్టమంటారా?”